గోల్కొండ తలుపు తెరిచిందెవరు?

కోట అనగానే పిల్లల ఊహలో ఫిరంగులు, గుర్రాలు, బురుజులు మెదులుతాయి. మా బాన్సువాడ ప్రాంతపు పిల్లలకు జుక్కల్ వైపునున్న కౌలాస్ కోట, కామారెడ్డి దగ్గరి దోమకొండ కోట తెలిసినవే. అయినా సెలవుల్లో హైదరాబాదు వెళితే వారు ముందుగా అడిగేది గోల్కొండనే. అక్కడ వారికి ఏమి చూపాలో, ఏమి చెప్పాలో తల్లిదండ్రులతో ముచ్చటించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాకతీయుల నాటి మట్టికోటను కుతుబ్‌షాహీలు రాతికోటగా మలిచారు. ప్రాకారాలకు 87 బురుజులు, 8 ద్వారాలు ఉన్నాయి. ఏనుగులు కుమ్మి పగులగొట్టకుండా తలుపులకు ఇనుప ముళ్ళు బిగించారు. అవి దూరం నుంచి పరుగెత్తి వచ్చి ఢీకొనే వీలు లేకుండా ద్వారం ఎదుట అడ్డుగోడ కట్టారు. గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఆ ధ్వని కొండమీది బాలాహిసార్‌లో వినిపిస్తుంది. మట్టిగొట్టాల ద్వారా నీటిని పైకి చేర్చేవారు. 1656లో మొగలుల దాడి జరిగిన తరువాత, ఆ బలహీనతను సరిదిద్దడానికి నయాఖిలాను నిర్మించారు.

1687 జనవరి చివర ఔరంగజేబు సైన్యం ఈ కోటను ముట్టడించింది. ఇరువైపులా ముస్లిం పాలకులే. దండయాత్రకు పూర్వమే చక్రవర్తి తన ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాంను, బీజాపూర్, గోల్కొండ రాజ్యాలపై యుద్ధం ధర్మసమ్మతమేనా అని అడిగాడు. కాదన్నాడాయన. ఆ తరువాత పదవిని వదులుకొని హజ్ యాత్రకు వెళ్ళిపోయాడు. ప్రభువు కోరిన ఫత్వా ఇవ్వడం కన్నా పదవిని వదులుకోవడమే ఆయనకు మేలనిపించింది.

ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొగలులు తవ్విన మందుపాతరలు వారిమీదే పేలాయి. వానలు, కరవు, రోగాలు వారి శిబిరాన్ని పీడించాయి. కోట మాత్రం లొంగలేదు. చివరకు సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సేనాని లంచానికి అమ్ముడుపోయి ఒక చిన్న ద్వారాన్ని లోపలి నుంచి తెరిచాడు. ఆ కోటలోనే అబ్దుర్రజ్జాక్ లారీ అనే మరో సేనాని ఉన్నాడు. గొప్ప హోదా ఇస్తామన్న మొగల్ ఫర్మానాను ఆయన అంతకు ముందే తన సైనికుల ఎదుట చింపివేశాడు. ఆ రాత్రి ఒళ్ళంతా గాయాలతో కుప్పకూలే వరకు పోరాడాడు. శత్రువైన ఔరంగజేబే ఆయనకు వైద్యం చేయించాడు. సుల్తాను అబుల్ హసన్ తానీషా బందీగా దౌలతాబాద్ చేరాడు.

ఏనుగులను ఆపిన తలుపు లంచాన్ని ఆపలేకపోయింది. రాళ్ళలో లోపం లేదు, అమానతును నిలుపుకోవడంలో ఉంది. ఖాజీకి తీర్పు అమానతు, సేనానికి ద్వారం అమానతు. మన ఇళ్ళలోనూ అలాంటి ద్వారాలున్నాయి. దుకాణంలో తూకం, పరీక్ష గదిలో జవాబు పత్రం, పొరుగువారు నమ్మి చెప్పిన రహస్యం, పంచాయతీలో మనం పలికే సాక్ష్యం. వీటిలో ప్రతిదానికీ ఒక వెల కట్టేవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు.

ఫతే దర్వాజా కింద పిల్లలు చప్పట్లు కొట్టి సంబరపడనివ్వండి. తరువాత వారిని నీడలో కూర్చోబెట్టి ఈ ముగ్గురి కథ చెప్పండి. వీరిలో ఎవరిలా బతకాలనుకుంటున్నారో వారినే అడగండి.