మీటరు మారినా లెక్క మారరాదు

ఖరగ్‌పూర్: పాత మోటారు సైకిలుకు కొత్త మీటరు బిగించిన రోజున దాని ముఖంపై వరుసగా సున్నాలు కనిపిస్తాయి. ఇంజను మాత్రం పాతదే. పిస్టను, చైను, చక్రాల బేరింగులు అప్పటికి నడిచిన దూరంలో ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు. మీటరు చూపే అంకె, బండి అసలు వయసు ఇలా వేరుపడిన నాటి నుంచే యజమానికి చిక్కులు, రేపటి కొనుగోలుదారుకు నష్టం ప్రారంభమవుతాయి.

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో నెలకొన్న వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఖరగ్‌పూర్ పట్టణంలో తెలుగు మాట వినిపించే పేటలలో ఖరిదా ఒకటి. రైల్వే కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఈ పట్టణంలో తరాలుగా స్థిరపడ్డాయి. ఇటువంటి కార్మిక కుటుంబాలకు మోటారు సైకిలు కేవలం వాహనం కాదు, తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించే ఆస్తి. అమ్మితే అక్కరకు వచ్చే సొమ్ము కూడా. అందువల్లనే మీటరులోని అంకెకు అంత విలువ.

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన పాత యెజ్డీ, రెండు స్ట్రోకుల యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్ల ఉత్పత్తి 1996లోనే నిలిచిపోయింది. మీటరు పాడైతే వేరొక బండి నుంచి ఊడదీసిన దానిని గాని, నకలుగా తయారైన దానిని గాని బిగించక తప్పని పరిస్థితి తరచు ఎదురవుతుంది. నకలుది సున్నా వద్ద ఉంటుంది. ఊడదీసినది మరో బండి చరిత్రను మోసుకొని వస్తుంది. రెండూ ఈ బండి లెక్క కావు.

కేబులే కీలకం

పాతతరం బండ్లలో చాలావాటికి ముందు చక్రం వద్దనున్న పళ్లచక్రం ఒక కేబులును తిప్పుతుంది. మీటరులో ఆ కేబులు అయస్కాంతాన్ని తిప్పగా, దాని ప్రభావంతో వేగాన్ని చూపే ముల్లు కదులుతుంది. అదే కేబులు చిన్న చిన్న పళ్లచక్రాల ద్వారా అంకెల చక్రాలను నెమ్మదిగా ముందుకు నడుపుతుంది. కిలోమీటరుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలో ప్రతి మీటరుకూ నిర్ణీతమై ఉంటుంది. స్మిత్స్ వంటి బ్రిటిష్ కంపెనీలు తమ మీటర్లలో కొన్నింటిపై ఈ సంఖ్యను ముఖంపైనే ముద్రించేవి. బండికీ మీటరుకూ ఈ సంఖ్య కుదరకపోతే వేగమూ తప్పే, దూరమూ తప్పే. అంకెలు కలిపినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

మైళ్లలో లెక్కించే పాత మీటరును తీసి కిలోమీటర్ల మీటరును అమర్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. 30,000 మైళ్లంటే దాదాపు 48,280 కిలోమీటర్లు. అదే అంకెను మార్చకుండా కొత్త మీటరులో ఉంచితే 18 వేల కిలోమీటర్లకు పైగా లెక్క గల్లంతవుతుంది.

రెండు మార్గాలు

సరైన లెక్క నిలుపుకొనేందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది, మీటరును విప్పి అంకెల చక్రాలను పాత అంకె వద్దకు తెచ్చి బిగించడం. ఇది చేయి తిరిగిన మీటరు పనివారు చేయవలసిన పని. రెండవది, అంకెను ముట్టుకోకుండా తేడాను రాసి ఉంచుకోవడం. పాత మీటరు 48,312 వద్ద ఆగిపోగా, బిగించిన మీటరు 23,450 చూపుతున్నదనుకుంటే తేడా 24,862. ఇకపై మీటరు చూపే ప్రతి అంకెకూ దీనిని కలిపితే అసలు దూరం తెలుస్తుంది.

ఏ పద్ధతి అనుసరించినా మార్చిన తేదీ, పాత అంకె, కొత్త అంకె కాగితంపై ఉండాలి. పాత మీటరు ఫొటో, పనివారిచ్చిన రసీదు భద్రపరచాలి. కేబులు తెగి ఏళ్ల తరబడి బండి నడిచి ఉంటే పాత అంకె కూడా పూర్తి సత్యం కాదు. అది కనీస దూరం మాత్రమేనని రాయడం న్యాయం. అయిదంకెల మీటర్లు 99,999 దాటిన పిమ్మట తిరిగి సున్నాకు వస్తాయన్నదీ మరువరాదు.

చట్టం మాట

అమెరికాలో 1972లో వచ్చిన చట్టం ప్రకారం కొత్త మీటరును పాత అంకెకు కలపడం సాధ్యం కానప్పుడు దానిని సున్నా వద్ద ఉంచి, పాత అంకెను, మార్చిన తేదీని తెలిపే చీటీని వాహనానికి అతికించాలి. జర్మనీ 2005లో మీటరు అంకెలను దురుద్దేశంతో మార్చడాన్ని నేరంగా ప్రకటించింది. భారతదేశంలో అసలు దూరాన్ని దాచి అమ్మినవారిపై వంచన కింద ఫిర్యాదు చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను వంచనకు వర్తిస్తున్నది. వ్యాపారి వద్ద కొన్నవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌ను ఆశ్రయించే మార్గమూ ఉన్నది.

అయితే నష్టం డబ్బుతోనే ఆగదు. ఆయిలు మార్పు, బ్రేకుల తనిఖీ, బేరింగుల మార్పు వంటివన్నీ నడిచిన దూరాన్ని బట్టి జరగవలసినవి. 60 వేల కిలోమీటర్లు నడిచిన బండిని 12 వేలదిగా నమ్మి కొన్నవారు అరిగిన భాగాలతోనే రహదారి మీదికి వస్తారు. అంకె కలపడం తప్పు కాదు, అంకె తగ్గించడమే తప్పు. రెంటికీ వాడే పనిముట్లు ఒకటే, ఉద్దేశం వేరు.

రైల్వే పట్టణానికి ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. ఇంజన్లకు, పెట్టెలకు నడిచిన దూరాన్ని, గడచిన కాలాన్ని బట్టి మరమ్మతులు జరపడం, మార్చిన భాగాన్ని రిజిస్టరులో నమోదు చేయడం వర్క్‌షాపులో నిత్యకృత్యం. ఇంటి ముందు నిలిచిన పాత బండికీ అదే నియమం వర్తింపజేస్తే చాలు. ఒక చిన్న నోటుపుస్తకం, అందులో నిజాయితీగా రాసిన రెండు అంకెలు అమ్మేవారికి మాట నిలుపుతాయి, కొనేవారికి ప్రాణరక్షణ కల్పిస్తాయి.