చుక్క పడిన చోటే చిల్లు ఉండదు
పాత సిట్రోయెన్ హైడ్రాలిక్ పైపులు: అపోహలు – వాస్తవాలు

1955 అక్టోబరు 5న ప్యారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్ జనం ముందుకు వచ్చింది. స్టీలు స్ప్రింగులు లేవు. చక్రానికో నైట్రోజన్ గోళం, దాని మీద ఒత్తిడి పెట్టే ఆయిల్ ఉన్నాయి. అదే ఆయిల్ బ్రేకులకు, స్టీరింగుకు, గేర్లకు కూడా పనిచేసింది. ఆ తర్వాత వచ్చిన జీఎస్ (1970), సీఎక్స్ (1974), బీఎక్స్ (1982) కూడా సస్పెన్షన్, బ్రేకుల విషయంలో అదే దారిలో నడిచాయి. ఈ కార్ల కిందికి దూరి చూసినవాళ్లు చాలామంది ఆ పైపుల అల్లిక చూసి చేతులెత్తేస్తారు. అది అన్యాయం. ఈ పద్ధతిని రూపొందించిన పాల్ మాజెస్ ఒక్క పైపు కూడా ఊరికే పెట్టలేదు. ఆయిల్ ఎటు నుంచి ఎటు పోతుందో పట్టుకుంటే ప్రతి గొట్టానికీ ఒక కారణం దొరుకుతుంది. ముందుగా కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: ఆయిల్ చుక్క ఎక్కడ పడితే లీకు అక్కడే.

చుక్క పడేది అన్నిటికంటే కిందున్న చోట. చిల్లు అక్కడికి బారెడు దూరంలో ఉండొచ్చు. ఆయిల్ పైపు వెంటే జారుతూ వచ్చి, ఏ క్లిప్పు దగ్గరో ఆగి, అక్కడి నుంచి నేల మీద పడుతుంది. పైగా తుప్పు తినేది కూడా ఆ క్లిప్పుల్లోనే. కారు అడుగున పొడవునా సాగే స్టీలు పైపులను కట్టగా పట్టి ఉంచే పట్టీల్లో బురద చేరుతుంది. యూరప్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా దానికి తోడవుతుంది. పైపు బయటికి నున్నగా, రంగు చెదరకుండా కనిపిస్తుంది. పట్టీ విప్పి చూస్తే లోపల పొరలు పొరలుగా రాలిపోతుంటుంది.

కాబట్టి ముందు మొత్తం తుడిచి ఆరబెట్టాలి. తర్వాత ఇంజన్ వేసి, పైనుంచి కిందికి లైటు పట్టుకుని చూడాలి. తడిసిన చోట వేలు మాత్రం పెట్టకూడదు. ఈ వ్యవస్థలో పంపు దాదాపు 170 బార్ దాకా ఒత్తిడి పెంచుతుంది. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. లీకు వెతకడానికి అట్టముక్క అడ్డం పెట్టి చూస్తే చాలు.

అపోహ: అన్ని పైపుల్లోనూ అంతే ఒత్తిడి ఉంటుంది.

సన్నటి లోహపు పైపుల్లోనే ఆ ఒత్తిడి ఉంటుంది. రబ్బరు, ప్లాస్టిక్ గొట్టాలు వాడిన ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి చేరవేసేవి, వాటిలో ఒత్తిడి దాదాపు ఉండదు. సస్పెన్షన్ సిలిండర్లలో పిస్టన్ పక్క నుంచి కాస్త ఆయిల్ ఊరడం లోపం కాదు, అలాగే తయారు చేశారు. దాన్ని రబ్బరు తొడుగు పట్టి, సన్నగొట్టం ద్వారా ట్యాంకుకు పంపుతుంది. ముందు చక్రం దగ్గర కారుతోందంటే, చాలాసార్లు ఆ తొడుగు చిరగడమో గొట్టం ఊడిపోవడమో జరిగి ఉంటుంది. స్టీలు పైపులన్నీ మార్చాలని ఎవరైనా చెబితే, ముందు ఈ చవకైన రబ్బరు ముక్కల్ని చూడమనండి.

అపోహ: వెనక బ్రేకు పైపుకు వెనక సస్పెన్షన్‌తో సంబంధం లేదు.

పైపులు వెతికేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ముందు బ్రేకులకు ఆయిల్ ప్రధాన ఒత్తిడి నుంచి నేరుగా వస్తుంది. వెనక బ్రేకులకు వెనక సస్పెన్షన్ నుంచి వస్తుంది. అందుకే ఒక పైపు వెనక నుంచి బయల్దేరి పెడల్ దగ్గరి వాల్వ్ దాకా ముందుకు వచ్చి, అక్కడి నుంచి ఇంకో పైపుగా మళ్లీ వెనక చక్రాలకు పోతుంది. ఇలా పోయి వచ్చే జంటను చూసి ఒకటి అదనమనుకుని మూసేసేవాళ్లున్నారు. ఇందులోని తెలివి చూడండి: వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే అక్కడి ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకు బలమూ దాంతోపాటే పెరుగుతుంది. బండి ఖాళీగా ఉంటే తగ్గుతుంది, వెనక చక్రాలు బిగుసుకుపోయి జారవు. ఏ కంప్యూటరూ లేకుండా, ఒక్క పైపు దారితో సాధించిన పని ఇది. నాకైతే ఈ కారులో అన్నిటికంటే అందమైన విషయం ఇదే.

అపోహ: జాయింటు కారుతుంటే గట్టిగా బిగిస్తే ఆగుతుంది.

ఆగదు. మామూలు కార్లలో పైపు చివర వెడల్పు చేసి లోహానికి లోహం నొక్కితే లీకు ఆగుతుంది. ఇక్కడ పైపు చివర తొడిగిన చిన్న రబ్బరు సీలు ఆ పని చేస్తుంది. ఆయిల్ ఒత్తిడే దాన్ని గోడకు అదుముతుంది. బలమంతా పెట్టి తిప్పితే నట్టు మరలు పోతాయి, పైపు మెలితిరుగుతుంది. ఒత్తిడి తీసేసి, విప్పి, కొత్త సీలు వేసి, పైపును రంధ్రంలోకి సూటిగా దూర్చి, చేత్తో మరలు పట్టించాక తక్కువ బలంతో బిగించాలి.

ఒత్తిడి తీయడమంటే పంపు ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీది స్క్రూ వదులు చేస్తే సరిపోతుందనుకోకండి. ఎత్తు మార్చే లివరును అట్టడుగుకు దించితేనే సస్పెన్షన్‌లోని ఆయిల్ బయటికి పోతుంది. అప్పుడు కారు కిందికి కూర్చుంటుంది కాబట్టి, స్టాండ్లు పెట్టకుండా దాని కిందికి వెళ్లకూడదు.

అపోహ: రాత్రికి కారు కుంగితే ఎక్కడో పైపు కారుతున్నట్టే.

నేల పొడిగా, ట్యాంకులో మట్టం తగ్గకుండా ఉంటే ఆయిల్ బయటికి పోలేదు. ఎత్తు సరిచేసే వాల్వుల సందుల్లోంచి ట్యాంకుకే చేరింది. పాత మోడళ్లకు అది సహజం. ప్రయాణం గట్టిగా, కుదుపుగా ఉంటే కూడా పైపులను అనుమానించడం తొందరపాటు. గోళాల్లోని నైట్రోజన్ ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గిపోవడమే సాధారణంగా దానికి కారణం.

అపోహ: ఏ బ్రేక్ ఆయిలైనా పోయొచ్చు.

పాత డీఎస్‌లలో ఎల్‌హెచ్‌ఎస్ అనే ఎర్రటి ద్రవం ఉండేది. అది తేమను పీల్చుకునేది. 1966లో ఆకుపచ్చటి ఖనిజ నూనె ఎల్‌హెచ్‌ఎం వచ్చింది. రెండింటి రబ్బరు సీళ్లు వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే పాడవుతాయి. మామూలు బ్రేక్ ఆయిళ్లైన డాట్ 3, డాట్ 4 ఎల్‌హెచ్‌ఎం కారులో పడినా అదే గతి. సిట్రోయెన్ లైసెన్సుతో హైడ్రాలిక్స్ వాడిన రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోకు ఎల్‌హెచ్‌ఎం సరిపడదు, దాని ద్రవం వేరు.

అపోహ: బ్రేకు గాలి తీయాలంటే పెడల్ కొట్టాలి.

ఇక్కడ మాస్టర్ సిలిండరే లేదు. పెడల్ కేవలం వాల్వ్ తెరుస్తుంది, తోసే పని పంపుది. ఇంజన్ నడుస్తుండగా పెడల్ మెల్లగా నొక్కి పట్టుకుని, గాలి తీసే నిప్పల్ వదులు చేసి, గొట్టం సీసాలో పెడితే సరిపోతుంది. వెనక చక్రాలు గాలిలో వేలాడుతుంటే మాత్రం వెనక నిప్పల్‌లో చుక్క కూడా రాదు. బండి మరీ పైకి లేచిందనుకుని ఎత్తు సరిచేసే వాల్వ్ సస్పెన్షన్ ఆయిల్‌ను వదిలేయడమే కారణం. పైపు మూసుకుపోయిందని కొత్త పైపు వెయ్యక్కర్లేదు. లివరును అన్నిటికంటే పై స్థానానికి జరపాలి. ఆ వాల్వ్ తెరుచుకుని వెనక ఒత్తిడి పూర్తిగా చేరగానే నిప్పల్ నుంచి ఆయిల్ వస్తుంది.