గుంటుపల్లి చూశారా?

ఏలూరుకు నలభై కిలోమీటర్ల దూరమే అయినా, మన ఆడవాళ్ళలో చాలామంది గుంటుపల్లి చూసి ఉండరు. కామవరపుకోట దాటాక జీలకర్రగూడెం కొండమీద రెండువేల ఏళ్ళు దాటిన బౌద్ధ గుహలవి. గుండ్రటి చైత్యంలో తలెత్తి చూడండి, కర్రవాసాల్లా కనిపించేవన్నీ రాయే! లోపలి స్తూపం ఊరివాళ్ళకు ధర్మలింగేశ్వరుడు. దారి చూపిన పెద్దాయన్ని ఇది బుద్ధుడిదా, శివుడిదా అనడిగితే, "ఎవరిదైతేనేం, దణ్ణం పెట్టుకోండమ్మా" అన్నాడు.

అమెరికాలో నవాహోల ఆంటిలోప్ లోయలోకి వాళ్ళ గైడు లేనిదే అడుగు పెట్టనివ్వరు. ఇక్కడేమో ఈ ఇసుకరాతి గోడలమీద మేకుతో పేర్లు గీకిన ప్రేమికులున్నారు! నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన మాత్రం వేలితో ఆ గీతలు తడుముతూ, "మా మనవడిది కూడా ఉందమ్మా" అన్నాడు మెల్లిగా.

వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే మెట్లు కాలతాయి.