ఊరెళ్లినా మందు ఆపొద్దు

చెన్నై: బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైల్లో క్రోంపేట దాటగానే వచ్చే స్టేషన్ ‘తాంబరం శానిటోరియం’. 1928లో డాక్టర్ డేవిడ్ చౌరీ ముత్తు అక్కడ క్షయ ఆసుపత్రి పెట్టారు. అప్పట్లో టీబీకి మంచి గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. నెలల తరబడి ఇల్లు వదిలి ఉండాల్సిందే.

ఆ పద్ధతిని మార్చిందీ ఈ నగరమే. 1956లో చెట్‌పట్‌లో మొదలైన పరిశోధనలో కొందరిని శానిటోరియంలో చేర్చి, మరికొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి. అయినా ఏడాది తిరిగేసరికి ఫలితాలు దాదాపు సమానం! ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదని తేలింది.

అయితే ఇంటి దగ్గర మాత్ర మింగామా లేదా అని చూసేదెవరు? రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు చేస్తుంది. ఇంకెందుకులే అనిపిస్తుంది. అక్కడే వస్తుంది చిక్కు. కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకే రెండవుతాయి. టీబీ క్రిమికి దాదాపు 20 గంటలు కావాలి. పైన మైనం లాంటి పొర. కొన్ని మందుకు చిక్కకుండా నిద్రలో ఉండిపోతాయి. ఆరు నెలల కోర్సు అందుకే. మధ్యలో ఆపితే మిగిలినవి మందుకు లొంగని మొండి ఘటాలుగా మారొచ్చు.

మనవాళ్లు పండక్కి నెల్లూరో చిత్తూరో వెళ్లి, మాత్రలు అయిపోయాయని ఊరుకోనక్కర్లేదు. ‘నిక్షయ్’ నంబరు దేశమంతా ఒకటే. బయల్దేరే ముందు టీబీ కేంద్రంలో చెబితే చికిత్సను ఆ ఊరికి బదిలీ చేస్తారు. మందులు ఉచితం. తిండి ఖర్చుకిచ్చే సాయాన్ని 2024 నవంబరులో నెలకు రూ.1000 చేశారు. చికిత్స కార్డు సంచిలో పెట్టుకోవడం మాత్రం మరవకండి.