కట్టెల పొయ్యి: వర్క్‌షాప్‌లో తేలాల్సిన లెక్క

కట్టె నేరుగా మండదు. ముందు అందులోని తడి ఆరుతుంది. వేడి రెండొందల డిగ్రీలు దాటాక కట్టె విచ్చిపోతూ వాయువులు వదలడం మొదలుపెడుతుంది. మంటగా మనకు కనిపించేది చాలావరకు ఆ వాయువులు కాలడమే. ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతు దాకా ఇలా వాయువుగానే బయటికొస్తుంది. మిగిలేది బొగ్గు, కాస్త బూడిద. ఆ వాయువుకు తగినంత వేడి, తగినంత గాలి, రెండూ కలిసే సమయం దొరికితే పూర్తిగా కాలిపోతుంది. ఏ ఒక్కటి తగ్గినా పొగై, వండే మనిషి కళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. కొన్నదైనా, అడవి నుంచి మోసుకొచ్చిందైనా, కాలకుండా పోయిన ఇంధనమే పొగ.

ఎంత పోతోందో లెక్క వేసి చూద్దాం. 5 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 1,465 కిలోజౌళ్ల వేడి కావాలి. ఎండు కట్టె కిలోకు దాదాపు 16,000 కిలోజౌళ్లు ఇస్తుంది. ఆ వేడంతా నీళ్లకే చేరితే 92 గ్రాముల పుల్లలు చాలు. మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లకు అందేది పదో వంతు దరిదాపు. అందుకే తొమ్మిదొందల గ్రాముల పైన పడుతుంది. 2013లో సవరించిన భారత ప్రమాణం ఐఎస్ 13152 ప్రకారం ఫ్యాను లేని పొయ్యికి కనీసం 25 శాతం, ఫ్యాను ఉన్నదానికి 35 శాతం సామర్థ్యం ఉండాలి. 25 శాతమైనా అందితే అదే పని 370 గ్రాములతో అయిపోతుంది.

పొయ్యి చేయాల్సిన పనులు రెండు. కట్టెను పూర్తిగా కాల్చాలి, పుట్టిన వేడిని గిన్నెకు అందించాలి. ఒకటి బాగు చేయబోతే రెండోది చెడే ప్రమాదం ఉంది. వేడి బాగా తగలాలని గిన్నెను మంటలోకి దించితే, మరిగే నీళ్ల వల్ల వంద డిగ్రీలు పెద్దగా దాటని ఆ అడుగు మంటను చల్లార్చేస్తుంది. కాలాల్సిన కర్బనం మసిగా అంటుకుంటుంది. గిన్నె చుట్టూ రేకు తొడుగు వేస్తే వేడిగాలి గిన్నె పక్కలను రాసుకుంటూ పోయి మేలు చేస్తుంది. అయితే సందు ఎక్కువైతే వేడి గిన్నెకు తగలకుండానే జారిపోతుంది. తక్కువైతే గాలి ఆడక పొగ పొయ్యి నోట్లోంచే ఎదురు తన్నుతుంది. ఈ రెంటి మధ్యా పనికొచ్చే సందు కొద్ది మిల్లీమీటర్లే.

గాలి రంధ్రాల సంగతీ అంతే. గ్యాసిఫయర్ రకం పొయ్యిలో కింది రంధ్రాల గాలి కట్టెను వాయువుగా మారుస్తుంది, పై వరుస గాలి ఆ వాయువును కాలుస్తుంది. డ్రాయింగులో పై వరుసకు 6 మిల్లీమీటర్లని ఉంటే, చేతికి అందిన 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో పని కానిచ్చేస్తే ఏమవుతుంది? రెండు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. కానీ ఒక్కో రంధ్రం వైశాల్యం 78 శాతం పెరిగింది. చల్లగాలి ఎక్కువై మంట చల్లబడుతుంది, పొగ మొదలవుతుంది. బిట్ మార్చిన కుర్రాడిది నిర్లక్ష్యం కాదు. ఆ రంధ్రం ఎందుకుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

నా ఆవేదనంతా ఇక్కడే. పొయ్యిల మీద మన దేశంలో మంచి పరిశోధన జరిగింది. బెంగళూరు ఐఐఎస్సీలో అమూల్య రెడ్డి 1974లో ప్రారంభించిన ‘అస్త్ర’ కేంద్రం నుంచి ‘అస్త్ర ఒలె’ అనే పొయ్యి వచ్చింది. 1980లలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల కార్యక్రమం 2002లో ముగిసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. వాటిలో చాలా వాటికి కొలతలు సరిగా కుదరలేదు, పగిలితే బాగు చేసే మనిషి లేడు. ఒడిశాలో మెరుగైన మట్టి పొయ్యిలు ఇచ్చిన కుటుంబాలను నాలుగేళ్లు గమనించి రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటే తేల్చింది. మొదటి ఏడాది వండేవారు పీల్చే పొగ తగ్గింది; తర్వాత ఆ తేడా మాయమైంది. పొయ్యిలను క్రమంగా వాడలేదు, మరమ్మతు చేసుకోలేదు.

మరమ్మతు చేయగల మనిషి ఐటీఐలో తయారవ్వాలి. షీట్ మెటల్ వర్కర్ ట్రేడులో చేరిన పిల్లలు రేకు కత్తిరించి, మడిచి, రివెట్ కొట్టి పెట్టెలూ గరాటులూ చేసి మార్కులు తెచ్చుకుంటారు. వాటి బదులు పొయ్యి చేయించవచ్చు. కావాల్సినవి ఒక తూకం, ఒక థర్మామీటరు, ఒక గడియారం. కట్టె తూచి, నీళ్లు మరిగించి, మిగిలిన బొగ్గును కూడా తూచి సామర్థ్యం కట్టాలి. తొడుగు సందు మార్చి మళ్లీ చేయాలి. తడి కట్టెతో మరోసారి. వేడి గోడల్లోకి పోకుండా లోపలి గొట్టం చుట్టూ వరి ఊక బూడిద నింపి చూడాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర అది గుట్టలుగా దొరుకుతుంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం చల్లారకుండా చల్లేది కూడా ఆ బూడిదే. నింపేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. మంట తగిలేచోట జీఐ రేకు ఎందుకు వద్దో, వేడికి జింకు పూత ఏమవుతుందో అప్పుడే చెప్పాలి.

నీళ్లు మరిగించే పరీక్షలో నెగ్గిన పొయ్యి వంటింట్లో నెగ్గుతుందన్న హామీ లేదు. రాయలసీమలో రాగి సంగటి కెలికే తల్లి తెడ్డును రెండు చేతులతో పట్టి ఒంటి బలమంతా పెడుతుంది. ఆ ఊపుకు గిన్నె స్టాండు కాస్త కదిలినా ఆమె మర్నాడు పాత పొయ్యికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. కాబట్టి పిల్లలు చేసిన పొయ్యిని దగ్గర్లోని హాస్టల్ వంటింటికి ఇచ్చి, ఆరు నెలలయ్యాక వెనక్కి తెచ్చి విప్పించాలి. ఏ రేకు పొరలుగా రాలింది, ఏ కాలు వంగింది, ఏ రంధ్రం బూడిదతో మూసుకుపోయింది, వండినవాళ్లు తమంతట తాము దేన్ని మార్చుకున్నారు? వీటికి రాసిన జవాబులకే ప్రాక్టికల్ మార్కులు వేయాలి. తర్వాతి బ్యాచ్ డ్రాయింగును ఆ కాగితాలు ముందు పెట్టుకునే దిద్దాలి.