లాస్ ఏంజెలెస్ కమ్యూనిటీ కళాశాలల జిల్లా

లాస్ ఏంజెలెస్ కమ్యూనిటీ కళాశాలల జిల్లా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో తొమ్మిది ప్రభుత్వ కళాశాలలను నిర్వహించే సంస్థ. ఇచ్చట జిల్లా అనగా రెవెన్యూ జిల్లా కాదు. కళాశాలల నిర్వహణకై ఏర్పరచిన ప్రత్యేక పరిధి. ప్రజలు ఎన్నుకొనే ఏడుగురు సభ్యుల పాలకమండలి దీనిని నడుపుతుంది. విద్యార్థులు ఇచ్చట రెండేళ్ళ చదువు ముగించి విశ్వవిద్యాలయములో చేరవచ్చును, లేదా వృత్తివిద్య నేర్వవచ్చును.

చరిత్ర

ఈ కళాశాలలలో ఒకటైన లాస్ ఏంజెలెస్ సిటీ కళాశాల 1929లో ప్రారంభమైనది. 1969లో పాఠశాలల యాజమాన్యము నుండి విడివడి ప్రత్యేక జిల్లా ఏర్పడినది.

నిధులు

భవన నిర్మాణమునకు ఓటర్ల ఆమోదముతో బాండ్లు జారీ చేస్తారు. 2000లో ఆమోదము పొందిన ప్రొపొజిషన్ 39 ప్రకారము ఇందుకు 55 శాతం ఓట్లు చాలును. ఓటర్లు 2001లో 124.5 కోట్లు, 2008లో 350 కోట్లు, 2016లో 330 కోట్లు, 2022లో 530 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించారు. ఈ అప్పు ఆస్తిపన్ను ద్వారా తీరుతుంది. అయితే ఈ సొమ్మును అధ్యాపకుల జీతాలకు వాడరాదు. అందువలన కొత్త భవనములు లేచుచున్న ప్రాంగణములోనే బోధనకు డబ్బు చాలకపోవచ్చును.

జీతాలు, బోధన ఖర్చులు ముఖ్యముగా రాష్ట్ర నిధులు, స్థానిక ఆస్తిపన్నుల నుండి వస్తాయి. 2018–19 నుండి రాష్ట్ర నిధుల లెక్కలో విద్యార్థుల సంఖ్యతోపాటు పేద విద్యార్థుల సంఖ్యను, ఉత్తీర్ణతను కూడా పరిగణిస్తున్నారు.

గుర్తింపు

రెండేళ్ళ కళాశాలలలోని ప్రతిభావంతులకు 1918లో స్థాపితమైన ఫై తీటా కాపా సంఘములో సభ్యత్వము లభిస్తుంది. ఉత్తమ అధ్యాపకులకు రాష్ట్రస్థాయిలో హేవార్డ్ పురస్కారము ఉన్నది. బోధనేతర సిబ్బందికి వేరుగా పురస్కారములు ఉన్నవి. పట్టా పొందిన విద్యార్థి కళాశాలకు గౌరవము తెచ్చుటయే గాక, దాని నిధుల లెక్కలోనూ చేరుతాడు.