పట్టు విడిచి మాట పట్టిన మల్లులు

కదిరి నుండి మదనపల్లెకు పోవు త్రోవలో తనకల్లు అను ఊరు కలదు. చిరకాలము అది అనంతపురము జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు, ఆకాశమును మారలేదు. ఏడాదికి సగటున ఐదారువందల మిల్లీమీటర్ల వాన, ఎఱ్ఱని గరపనేల, అందులో వేరుసెనగ పైరు - ఇవియే ఆ పీఠభూమి భాగ్యము. ఆ వానయు సమయమునకు కురియునన్న నమ్మకము లేదు. అట్టి చోట మనుష్యునకు మొదటి మూలధనము రెక్కల బలము. పంట పండినను రెక్కలే, పండక బెంగుళూరికి వలసపోయినను రెక్కలే. కనుకనే ఆ సీమలోని బాలురకు బలవంతుడన్న మిక్కుటమైన గౌరవము. గుండు ఎత్తినవాడు, కబడ్డీలో పట్టు తప్పించుకొనినవాడు, కాడెద్దు కొమ్ములు వంచినవాడు వారికి వీరుడు.

అయితే బలమునకు ఒక గడువు కలదు. ఆ గడువు తీరిన పిదప బలవంతుడేమి చేయవలెను? ఈ ప్రశ్న మల్లునకు ఎంత ముఖ్యమో, రెక్కలనే నమ్ముకొనిన కూలివానికిని, రైతునకును అంతే ముఖ్యము.

ఆంధ్రదేశమున బలమన్నంతనే స్ఫురించు పేరు కోడి రామమూర్తి నాయుడుగారిది. 19వ శతాబ్దపు చివరి భాగమున వీరఘట్టములో జన్మించిన ఆయన విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, పిదప సర్కసు నెలకొల్పి దేశదేశములు తిరిగిరి. ఱొమ్మునకు చుట్టిన ఉక్కుగొలుసును ఊపిరి బిగించి తెంచుట, ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొనుట ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధములు. లండను నగరమున ఐదవ జార్జి చక్రవర్తి దంపతులు ఆయన ప్రదర్శనను చూచిరి. "ఇండియన్ హెర్క్యులిస్" అను బిరుదు ఆయనకు లభించెను. అంతటి వానికి కాలిమీద పుండు లేచి, తుదకు ఆ కాలే తీసివేయవలసి వచ్చెను. 1942లో ఒరిస్సాలోని బలంగీరున ఆయన కన్నుమూసిరి.

నేడు శ్రీకాకుళములోని క్రీడాస్థలమునకు ఆయన పేరున్నది. విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహమున్నది. కాని ఆ ఊపిరి ఎట్లు బిగించిరో, ఆ గొలుసు తెగు క్షణమున దేహములో ఏమి జరిగెనో ఆయన గొంతుతోనే వినగల అవకాశము నేటి విద్యార్థికి లేదు. దేహము పోయినది, దేహమునకు తెలిసిన విద్యయు దానితో చాలవరకు పోయినది. మిగిలినవి ఇతరులు చెప్పుకొను కథలు.

బలమునకు మాట తోడైనచో ఏమగునో తెలిసికొనుటకు సముద్రము దాటి అమెరికాకు పోవలెను. అచ్చట వృత్తి కుస్తీ ఒక గొప్ప వ్యాపారము. కుస్తీలనుండి విరమించి, ఆ గోదా ప్రక్కనే కూర్చుండి, జరుగుచున్న పోరును ప్రేక్షకులకు విడమరచి చెప్పు వ్యాఖ్యాతలుగా మారిన మల్లులు అక్కడ పలువురు కలరు. వారిలో మొదట చెప్పుకొనదగినవాడు రాబర్ట్ మరెల్లా.

ఈయన 1937లో న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరమున, ఇటలీ నుండి వలస వచ్చిన వారి వంశములో పుట్టెను. ఇథాకా కళాశాలలో చదువుకొని, అచ్చటి కుస్తీలలో పేరు గాంచెను. చదువుకొనినవాడు, సౌమ్యుడు, చక్కని మాటకారి. కాని వృత్తి కుస్తీలో అడుగిడినప్పుడు అట్టి మల్లుని చూచుటకు జనము ఎగబడలేదు. అప్పుడు నిర్వాహకులు ఆయనకొక క్రొత్త జన్మము కల్పించిరి. పేరు గొరిల్లా మాన్సూన్, ఊరు మంచూరియా, ఎలుగుబంట్లతో కుస్తీ పట్టినవాడు, ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాడు! గడ్డము పెంచి, సుమారు 180 కిలోల దేహముతో గర్జించుచు వచ్చు ఆ భీకరాకారమును చూచి జనము జడిసిరి, తిట్టిరి, టిక్కెట్లు కొని మరల మరల వచ్చిరి. 1963లో నాటి విజేతయైన బ్రూనో సమ్మార్టినోతో ఆయన పడిన కుస్తీలకు ప్రేక్షకులు విరగబడిరి.

ఇందలి విచిత్రమును గమనింపవలెను. మాటలలో నేర్పరియైనవాడు మాట రానివానిగా నటించి అన్నము సంపాదించుకొనెను. గోదాలో ఉన్నంతకాలము ఆయన విద్యకు తాళము పడినది. 1976 జూన్‌లో, టోక్యోలో ఇనోకితో తలపడుటకు కొలది దినములు ముందుగా ముష్టియోధుడు మహమ్మద్ ఆలీ ఒక కుస్తీ ప్రదర్శనలో గోదాలోనికి దుమికి మరెల్లాకు సవాలు విసిరెను. మరెల్లా అతనిని భుజములమీదికి ఎత్తి, గిరగిర త్రిప్పి, క్రింద పడవైచెను. ఆ దృశ్యము లోకమంతట ప్రచారమయ్యెను. అప్పటికి మరెల్లాకు దాదాపు 39 ఏండ్లు. బలము ఇంకను ఉన్నది. గడువు మాత్రము దగ్గరపడుచున్నది.

1980లో ఆయన ఒక పందెము ఒడ్డెను: కెన్ పటేరా అను మల్లుని చేతిలో ఓడిపోయినచో కుస్తీలు విరమింతునని. ఓడిపోయెను, విరమించెను. తరువాత కొలదికాలమునకే మైకు ముందు కూర్చుండెను. ఇంగ్లీషు రాదని జనము ఏండ్ల తరబడి నమ్మిన మల్లుడు నోరు విప్పగా, నిండైన కంఠము, నిదానమైన వాక్కు, చమత్కారము వెలువడెను. దెబ్బ తల వెనుక తగిలినదనుటకు బదులు, అచ్చటి ఎముకకు శరీరశాస్త్రములో గల పొడుగాటి పేరు చెప్పి శ్రోతలను నవ్వించెడివాడు. నవ్వుచునే పిల్లలు ఆ పేరు నేర్చుకొనిరి. 1985లో మొదలైన రెజిల్‌మేనియా ఉత్సవములకు తొలి యేండ్లలో ఆయన గొంతే ఆనవాలు. 1987లో హల్క్ హోగన్, ఆండ్రే అను మహాకాయుని ఎత్తి పడవైచిన పోరునకు వ్యాఖ్యానము చేసినవారిలో ఆయన ఒకరు. 1999 అక్టోబరు 6న మరణించునాటికి, గోదాలో ఆయన పట్టిన పట్లకన్న మైకు ముందు పలికిన పలుకులే అభిమానులకు ఎక్కువ జ్ఞాపకమున్నవి.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. వృత్తి కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయింపబడును గదా, అట్టిదానికి వ్యాఖ్యానమేమి యని. ఈ సంగతి రహస్యము కాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ యెదుట ఆ సంస్థవారే తమది పోటీ క్రీడ కాదు, వినోద ప్రదర్శన యని ఒప్పుకొనిరి. క్రీడలపై నుండు పన్నులు, తనిఖీలు తప్పించుకొనుట వారి ఉద్దేశము. అయినను ఫలితము కల్పితమైనంత మాత్రమున దెబ్బ కల్పితము కాదు. ఎత్తునుండి పడిన వెన్నునకు నేల గట్టిదనము నిజమే. వీథినాటకములో దుర్యోధనుడు కూలునని ఎల్లరకును తెలియును. అయినను తెల్లవారుదాక కూర్చుండి చూతురు. ఆ కూర్చుండబెట్టు శక్తి నటునిది కొంత, కథ చెప్పువానిది కొంత.

మల్లుడే వ్యాఖ్యాత యగుటలోని లాభము ఇక్కడ తెలియును. ఏ పట్టు చూచుటకు భయంకరమై నొప్పి లేనిదో, ఏది చూచుటకు స్వల్పమై ప్రాణము తీయునదో వానికి తెలియును. ఓడినవానిని హేళన చేసినచో గెలిచినవాని గెలుపునకే విలువ తగ్గునని కూడ వానికి తెలియును. మంచి వ్యాఖ్యాత ఓడినవాని శ్రమను ముందు చెప్పి, పిదప గెలిచినవాని నేర్పు చెప్పును. తరగతిలో ఇద్దరు విద్యార్థుల వాదము విని తీర్పు చెప్పు ఉపాధ్యాయునకును ఇదే ధర్మము.

మరెల్లా ప్రక్కన కూర్చుండి పలికినవాడు జెస్సీ వెంచురా. 1951లో మినియాపొలిస్ నగరమున పుట్టి, నౌకాదళములో పనిచేసి, కుస్తీలలో ప్రవేశించెను. 1984లో హోగన్‌తో పెద్ద కుస్తీలు పడవలసిన సమయమున ఊపిరితిత్తులలో నెత్తురు గడ్డకట్టి ఆసుపత్రి పాలయ్యెను. అంతటితో గోదాలోని ఆయన భవిష్యత్తు మసకబారినది. దేహము కాదన్నచోట నాలుక ఆదుకొనెను. మరెల్లా నియమమును పాటించువాని పక్షము వహింపగా, వెంచురా దుర్మార్గుని పక్షము వహించి వాదించెడివాడు. ఆ వాదోపవాదములు వినుటకే చూచినవారు ఎందరో.

వెంచురా చేసిన మరియొక పని అంతకన్న గమనింపదగినది. తన వ్యాఖ్యానముతో కూడిన వీడియో క్యాసెట్లు అమ్ముడగుచుండగా, వాని రాబడిలో తనకు రావలసిన పాలు రాలేదని సంస్థపై ఆయన దావా వేసెను. 1994లో జ్యూరీ ఆయన పక్షమున 8 లక్షల డాలర్లకు పైగా ఇప్పించెను. 1995లో పై న్యాయస్థానము ఆ తీర్పును నిలిపెను. కండకు కూలి అడుగుట లోకమున ఉన్నదే. మాటకును కూలి కలదని న్యాయస్థానమున నిరూపించిన మల్లుడాయన. తరువాత 1999 నుండి 2003 వరకు మిన్నెసోటా రాష్ట్రమునకు గవర్నరుగా పనిచేసెను.

వ్యాఖ్యానవిద్య భారతీయులకు క్రొత్తది కాదు. కురుక్షేత్రమున జరిగినదానిని చూపులేని ధృతరాష్ట్రునకు చెప్పిన సంజయుడే ఈ విద్యకు ఆదిగురువు. కన్నకొడుకుల చావును సైతము దాచక, పెంచక చెప్పవలసిన కష్టమైన కొలువది. విరటుని కొలువులో వలలుడను పేరుతో వంటవాడైయున్న భీముడు జీమూతుడను మల్లుని కూల్చిన సంగతి నేటి బాలునకు తెలిసినదన్నచో, అది భీముని భుజబలముచేత కాదు, చెప్పినవాని వాగ్బలముచేత.

తెలుగు మాటలలో కుస్తీ ఎంతగా ఇంకిపోయినదో చూచినచో ఆశ్చర్యము కలుగును. ఎన్నికలలో నిలుచువాడు "గోదాలో దిగును". ప్రత్యర్థిని "చిత్తు చేయును". వెల్లకిల పడవేయుటకు కుస్తీవారి మాటయే చిత్తు. సవాలు విసరువాడు "తొడ గొట్టును", "జబ్బ చరచును". నేర్పరిని "వస్తాదు" అందురు; ఆ వస్తాదు శిష్యులను సాధన చేయించు చోటు తాలీంఖానా. తాలీంఖానాలు పెక్కుచోట్ల మూతపడినవి. మాటలు మాత్రము మిగిలినవి. ఒక్కొక్క పట్టునకు వస్తాదులు పెట్టిన పేర్లు, ఆ పట్టును విడిపించుకొను కిటుకులు వారి నోటనే ఉండెను. వారిని మాటాడించి వ్రాసి పెట్టుకొననిచోట ఆ పేర్లు వారితోనే పోవును.

నేడు క్రికెట్టు విషయమున తెలుగువారికి ఈ లోటు కొంత తీరినది. భారతజట్టులో ఆడిన వేంకటపతి రాజు, వేణుగోపాలరావు, ఎం.ఎస్.కె. ప్రసాద్ మున్నగువారు ఆట విరమించిన పిదప టెలివిజనులో తెలుగున వ్యాఖ్యానము చేసిరి. 28 టెస్టులాడిన రాజు ఎడమచేతి స్పిన్ను గూర్చి తెలుగులో చెప్పినప్పుడు, ఆ చెప్పుదానిలో వ్రేళ్ళకు తెలిసిన విద్య ఉండును. అది పుస్తకములో దొరకదు. కుస్తీకి, కబడ్డీకి, బండలాగుడు పందెములకును అట్టి గొంతులు కావలసియున్నవి.

తనకల్లు వంటి ఊళ్ళలో పాఠశాల మైదానమున సాయంకాలము కబడ్డీ ఆట సాగుచుండగా, కాలు బెణికి గట్టుమీద కూర్చున్న బాలుడొకడు తప్పక ఉండును. ఆటలో లేడు కనుక వానిని ఎవరును పట్టించుకొనరు. వ్యాయామోపాధ్యాయుడు వాని దగ్గరకు పోయి, "ఏమిరా, కూతకు పోయినవాడు ఎక్కడ తప్పు చేసెనో నీవు చెప్పుము, మేము విందుము" అని అడిగినచో చాలును. మొదటి దినమున వాడు తడబడును. రెండవ దినమున తాను పడిన దెబ్బనుండి తెలిసికొనినది చెప్పును. మూడవ దినమునకు ఆడువారు సైతము ఆట ఆపి వాని మాట విందురు.

వాన వచ్చినను రాకున్నను, రెక్కలాడినను ఆడకున్నను, ఆ మాట వానికి తోడుండును.